జానెడు ఎడం

మా ఇంట్లో దేవుడికి దీపం పెట్టడం మరిచిపోయినా ఏమీ కాదు. మా ఆయన సదానందం డ్యూటీ దిగి వచ్చేసరికి నీళ్ళు కాగకపోతే మాత్రం కొంప మునుగుతుంది. పెళ్ళయిన నాటి నుంచీ, బొగ్గుబాయిలోకి ఒక్కసారి దిగకుండానే, ఆయనతో పాటు మూడు షిఫ్టులూ నేనూ చేస్తున్నాను. మొదటి షిఫ్టయితే పగలు, రెండోదయితే నడిరాత్రి, మూడోదయితే తెల్లవారి, ఆయన గేటు గొళ్ళెం తీసేసరికి వెనక షెడ్డులో హమాం గుర్రుమంటూ ఉండాలి. ఆయనకు రిటైర్మెంటు దగ్గర పడింది. నాకు అలాంటిదేమీ రాసి లేదు.

హమాం అంటే రాగి బాయిలరు. నడుమ గొట్టం, అడుగున జల్లెడ మీద బొగ్గు, చుట్టూ నీళ్ళు. మా మామ సదయ్య తన మొదటి బోనసుతో కొన్నాడు. ఆయనదీ బాయి పనే. వాళ్ళ ఊరు కమాన్‌పూర్ పక్కన ఉండేది. ఊరు ఓపెన్‌కాస్టు బొగ్గు తవ్వకం కింద పోయాక, మామా పోయాక, అక్కడి నుంచి మిగిలినవి రెండు, ఈ హమామూ మా అత్తమ్మ కనకవ్వా. రెండూ సెంటినరీ కాలనీలో మా క్వార్టరుకే చేరాయి. నీళ్ళకు గీజరు పెట్టిద్దామంటే సదానందం ఒప్పుకోడు.

"బాపు హమాం ఉండంగ గా కరెంటు నీళ్ళేందే? వాటితోని మసి పోదు" అంటాడు.

మసి పోయేది హమాంతో కాదు, నా నడుముతో అని నేను చాలాసార్లు అన్నాను. గోడకు చెప్పినా కొంత పెచ్చు రాలేది.

క్వార్టరులో ఉన్నవి రెండు గదులు, ఇంత వంటిల్లు. వంటింట్లో గ్రానైటు గట్టు వేయించుకుందామని నేనే పోరాను. గట్టయితే వచ్చింది కానీ దాని కింద సిలిండరు పట్టలేదు. సదానందం ఒక ఆదివారం గోడకు బొక్క కొట్టి, సిలిండరును వెనక షెడ్డులో పెట్టి, పొడుగు రబ్బరు ట్యూబు ఆ బొక్కలోంచి లాగి పొయ్యికి తగిలించాడు. షెడ్డులో హమాం ముందు నుంచే ఉంది. దాని నెత్తి మీది నుంచి రేకుతో చేసిన పొగ గొట్టం పైకి లేచి, మోచేయిలా వంగి, గోడలోంచి బయటికి పోతుంది. ఆ వంపు కింద నుంచే గ్యాసు ట్యూబు పోవాల్సి వచ్చింది. రెండింటికీ నడుమ జానెడు ఎడం ఉంది. ఆయన చెయ్యి చాపి కొలిచి మరీ చూపించాడు.

జానెడు జానెడుగానే ఉంటే నాకీ కథ ఉండేది కాదు. మధ్యాహ్నమైతే ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు ఉంటుంది. భూమి ఒకసారి కడుపులో తిప్పినట్టు కదులుతుంది, గిన్నెలు గలగలమంటాయి, మేము మాటల మధ్యలో ఆగి మళ్ళీ మాట్లాడుకుంటాము. అలవాటైన దానికి ఎవరూ తల తిప్పి చూడరు. ఆ పొగ గొట్టాన్ని కట్టింది వట్టి బైండింగు తీగతో. బ్లాస్టింగు అయినప్పుడల్లా తీగ ఇంత సాగేది, గొట్టం ఇంత దిగేది. వానాకాలం పోయేసరికి జానెడు కాస్తా బెత్తెడయింది.

"గొట్టం దిగుతున్నదయ్యా" అన్నాను.

"దిగనీ" అన్నాడు.

ఆ షెడ్డులోనే అత్తమ్మ పడక కూడా. మొదట ముందు గదిలో, కొడుకు మంచం పక్కనే చాప వేసుకునేది. ఆమెకు దగ్గు. ఆయనకేమో నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకోవాలి. ఆమె దగ్గినప్పుడల్లా ఆయన మంచం మీద విసురుగా అటూ ఇటూ దొర్లేవాడు. ఒక్క మాట అనలేదు, అంత మాత్రం చెప్పాలి. చలికాలం మొదట్లో అత్తమ్మే, "నేను ఎనుక పండుకుంట తియ్ బిడ్డా, హమాం కాడ ఎచ్చగుంటది" అని చాప చుట్టుకుంది. ఆ మాట ఆమె నోటి నుంచి ఎందుకు వచ్చిందో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. వెచ్చగా ఉంటుందన్నది కూడా నిజమే కాబట్టి ముగ్గురమూ దాన్నే పట్టుకున్నాము.

గ్యాసు ఏజెన్సీ మెకానిక్ జగదీశ్వర్ చెకింగుకు వచ్చింది ఆ రోజుల్లోనే. మాకు కొత్తవాడు కాదు, సదానందాన్ని కాకా అని, నన్ను చిన్నమ్మా అని పిలుస్తాడు. పొయ్యి చూశాడు, గోడ బొక్క చూశాడు, షెడ్డులోకి పోయి చాలాసేపు నిలబడ్డాడు. ట్యూబును రెండు వేళ్ళతో వంచి నా చెవి దగ్గర పెట్టాడు. ఎండిన ఆకు నలిపినట్టు చప్పుడు వచ్చింది.

"చిన్నమ్మా, ట్యూబు మెత్తగ ఉండాలె. ఇది వేడికి గట్టివడ్డది. నిప్పుల హమాం, పొగ గొట్టం, సిలిండరు, అన్నీ ఒక్క తాన పెడితె ఎట్ల? సిలిండరన్న ఇంట్ల పెట్టుకోన్రి, లేకుంటె హమాం అన్న అవతల పెట్టున్రి."

"ట్యూబన్న మార్చిపో బిడ్డా" అన్నాను.

"ఇంత పొడుగు ట్యూబు నేను ఇయ్యొద్దు చిన్నమ్మా. సిలిండరు లోపలికి జరిపితె ఇప్పుడే చిన్నది బిగిస్త."

అప్పుడే నిద్ర లేచి వచ్చాడు సదానందం. ఆయన బాయిలో సర్దారు. షిఫ్టు మనుషుల కన్నా ముందు లోపలికి పోయి, పైకప్పు చూసి, గ్యాసు ఉందో లేదో చూసి, ఆయన సరే అంటేనే మిగతావాళ్ళు పనిలో చెయ్యి పెట్టాలి. కాలనీలో ఆయనకున్న పేరంతా దాని మీదే. ఒకసారి కొంచెం అనుమానం వస్తేనే మొత్తం మనుషులను బయటికి పంపేశాడు. పైవాళ్ళు గట్టిగా కసిరినా కదల్లేదు. తర్వాత గ్యాసు ఉన్న సంగతి తేలింది. ఆ రోజు బయటికి వచ్చిన వాళ్ళలో కొందరు ఇప్పటికీ దసరాకు జమ్మి ఆకు పట్టుకుని మా గుమ్మం తొక్కుతారు. అలాంటి మనిషికి మెకానిక్ పిలగాడు గ్యాసు గురించి చెప్పడం ఎక్కడో గుచ్చుకుంది.

"ఏమోయ్, నాకు చెప్తున్నవా గ్యాసు సంగతి? నువ్వు పుట్టకముందుకెల్లి గ్యాసు పడుతున్న నేను."

"గా గ్యాసు, ఈ గ్యాసు ఒక్కటి కాదు కాకా..."

"గ్యాసు గ్యాసే. దానికి దారి ఇస్తే అదే పోతది. నువ్వు ఫికర్ జెయ్యకు, నేను చూసుకుంట."

జగదీశ్వర్ నా మొహం చూశాడు. నేను సదానందం మొహం చూశాను. అంతకు మించి చూసే ఓపిక నాకు లేకపోయింది. ఇంట్లో ఒక్క మాట నెగ్గించుకోవడానికి మూడు రోజులు అన్నం సయించకుండా పోట్లాడాలి. అప్పటికే గ్రానైటు గట్టు కోసం ఒకసారి పోట్లాడి ఉన్నాను.

చూసుకుంటానన్నవాడు ఊరుకోలేదు, నిజంగానే చూసుకున్నాడు. వచ్చిన ఆదివారమే షెడ్డు పైన, రేకుకు ఆనుకుని, గోడలో రెండు ఇటుకలు ఊడబీకి కిటికీలా చేశాడు. గ్యాసు పైకి తేలుతుందట, పైన దారి ఉంటే బయటికి పోతుందట. బాయిలో వాళ్ళు చూసేది పైకప్పు దగ్గరేనట. తర్వాత, కింద అవ్వకు చలిగాలి కొడుతుందని గోడ అడుగున ఉన్న సందులన్నీ ఇటుక ముక్కలతో, ఇసుక సంచులతో గట్టిగా మూసేశాడు.

"పైన గ్యాసుకు దారి, కింద అవ్వకు ఎచ్చదనం. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు" అని చేతులు దులుపుకున్నాడు.

నాకు నచ్చింది. తల్లికి చలి పెడుతుందని ఆయనకు తట్టినందుకే నచ్చింది. పొగ గొట్టానికి కొత్త తీగ కట్టమని అడుగుదామనుకున్నాను కానీ, చేసిన పని చూసుకుని అంత మురిసిపోతున్న మనిషికి చెయ్యని పని గుర్తు చేయబుద్ధి కాలేదు.

కొన్నాళ్ళకు అత్తమ్మ ఎలుక పాట మొదలుపెట్టింది.

"జమునా, ఏడనో ఎలుక సచ్చిందే. నా పక్క పొంటి ఒక్కటే వాసన."

షెడ్డంతా వెతికాను. బొగ్గు డబ్బా జరిపాను, పాత సామాను కింద చూశాను, చీపురు విరిగేదాకా ఊడ్చాను. ఎలుక లేదు. ఫినాయిలు పోసి కడిగాను. రెండు రోజులకు మళ్ళీ అదే మాట. అత్తమ్మ జన్మంతా బొగ్గు పొయ్యి మీద, కట్టెల పొయ్యి మీద వండింది. గ్యాసు పొయ్యి వచ్చాక వంటింట్లోకే రాలేదు, ఆ వాసన ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. నాకు తెలుసు. కానీ నిలబడి పీల్చినప్పుడు నాకు తగిలింది బొగ్గు మసి వాసనా, ఫినాయిలు వాసనా. సదానందం కూడా వచ్చి, షెడ్డు నడుమ నిలబడి, గుండెల నిండా పీల్చాడు.

"ఏ వాసన లేదవ్వా. నీ ముక్కే పోయింది."

"పండుకుంటెనే వస్తది కొడుకా. నిలవడితె రాదు" అందామె.

ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను. ఎనభై దాటిన మనిషి మాటకు మేమిచ్చిన విలువ అంతే. ఆ నెల సిలిండరు కూడా తొందరగా అయిపోయింది. "ఎవలకు వండివెడుతున్నవే, కాలనీ మొత్తానికా?" అని ఆయన ఎగతాళి చేస్తే నేను రెండు రోజులు మాట్లాడలేదు. ఆ ఎలుకనూ ఈ సిలిండరునూ ఒక్క దగ్గర పెట్టి చూసుకోవాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

ఆ రోజు పొద్దుటి నుంచీ ముసురు. ఆయనది మొదటి షిఫ్టు. గాలి కోసేస్తుంటే అత్తమ్మ షెడ్డు తలుపు మూసుకుని దుప్పటి ముసుగు తన్నింది. మిగతా రోజుల్లో, హమాం పొగకు దగ్గు ఎక్కువవుతుందని, ఆ తలుపు బార్లా తెరిచి ఉండేది. అన్నాళ్ళు మమ్మల్ని కాచింది ఆ తలుపేనని ఇప్పుడు తెలుస్తోంది. మధ్యాహ్నం బ్లాస్టింగు కాస్త గట్టిగానే కొట్టింది. గిన్నెలు కదిలాయి. షెడ్డులో రేకు చప్పుడేదో అయింది. నేను కూర కలుపుతూ ఉన్నాను, తల తిప్పలేదు.

ఆయన వచ్చే వేళకు ముందు, రోజూలాగే బొగ్గు బకెట్టు, కిరసనాయిలు గుడ్డ, అగ్గిపెట్టె పట్టుకుని షెడ్డు తలుపు తీశాను. అత్తమ్మ లేవలేదు. హమాం నోరు నేలకే ఉంటుంది, కూర్చోకుండా దాన్ని అంటించలేము. బొగ్గు వేశాను, గుడ్డ తోశాను, గొంతుకూర్చున్నాను. అగ్గిపుల్ల తీసి పెట్టె అంచుకు ఆనించాను.

అప్పుడు కొట్టింది వాసన. ఎలుక కాదు. నేను రోజూ పొయ్యి తిప్పినప్పుడు ఒక్క క్షణం వచ్చి పోయే వాసనే, కానీ పోవడం లేదు. మోకాళ్ళ దగ్గర కుండలో నీళ్ళలా నిలిచి ఉంది. పండుకుంటెనే వస్తది కొడుకా అన్న మాట చెవిలో వినపడింది. తల ఎత్తి చూశాను. పొగ గొట్టం పూర్తిగా దిగి ట్యూబు మీద వాలి ఉంది. ట్యూబు పగిలిన చోట లోపలి నలుపు కనిపిస్తోంది.

పుల్ల గీయలేదు. అదొక్కటే నేను చేసిన తెలివైన పని, అది కూడా తెలివితో చేసింది కాదు, చెయ్యి రాయిలా బిగుసుకుపోయింది. తర్వాత అగ్గిపెట్టెను వాకిట్లోకి విసిరేశాను. రెగ్యులేటరు కట్టేశాను. అత్తమ్మను లేపితే, "తల తిరుగుతున్నదే" అంది. చంకల కింద చేతులు వేసి ఈడ్చుకుంటూ బయటికి తెచ్చి, వెనక వాకిట్లో నీళ్ళ తొట్టి గట్టు మీద కూర్చోబెట్టి దుప్పటి కప్పాను. తలుపు దగ్గరి ఇసుక సంచి ఒక్కటే లాగగలిగాను. నేనూ ఆమె పక్కనే కూర్చున్నాను. ముసురు ఇద్దరి మీదా పడుతోంది.

గేటు గొళ్ళెం చప్పుడయింది. సదానందం ఒళ్ళంతా బొగ్గుతో, తువ్వాల భుజాన వేసుకుని, ఇంటి పక్క సందులోంచి తిన్నగా వెనక్కే వచ్చాడు. ముందు చూసింది హమాం గొట్టం వైపు. పొగ లేదు.

"నీళ్ళేవి?"

"పెట్టలే."

"ఎందుకు పెట్టలే? వానల గీడ కూసున్నరేంది ఇద్దరు?"

"గ్యాసు" అన్నాను.

ఆయన మొహం మారింది. ఆ మొహాన్ని నేను పెళ్ళయ్యాక ఎన్నడూ చూడలేదు. అది బాయిలో మొహం కాబోలు. గబగబా షెడ్డులోకి నడిచి, చీకటిగా ఉందని లైటు స్విచ్చు మీదికి చెయ్యి చాపాడు.

"ముట్టకు!" అని అరిచాను. నా గొంతు అంత గట్టిదని నాకే తెలియదు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బాయిలో ఎవరైనా ఆ పని చేసి ఉంటే చెంప పగిలేది, అది ఆయనకు గుర్తొచ్చినట్టుంది. స్టూలు ఎక్కి, రేకు దగ్గర, తను చేసిన కిటికీ దగ్గర, ముక్కు ఎగబీల్చి అటూ ఇటూ చూశాడు.

"ఏం లేదే పైన. సాఫుగున్నది."

"కింద చూడు."

"గ్యాసు కిందెందుకుంటదే? ముప్పై ఏండ్లకెల్లి చూస్తున్న..."

పుల్ల గీసుంటే ఇల్లు పోయేది, అత్తమ్మ పోయేది, నేను పోయేదాన్ని, ఈయన నీళ్ళు కాగలేదని గేటు దగ్గర నిలబడేవాడు. అది తప్ప ఇంకేమీ తోచడం లేదు. అప్పుడు అత్తమ్మ, దుప్పట్లోంచి తల బయటికి పెట్టి, కోపమేమీ లేకుండా అంది.

"కొడుకా, ఒక్కసారి నా జాగల పండి సూడు."

ఆయన స్టూలు దిగాడు. ఆ మసి బట్టలతోనే తల్లి చాప మీద ఒరిగాడు. ఆమె పడుకునే తీరునే, హమాం వైపు మొహం పెట్టి పడుకున్నాడు. తలుపు దగ్గరి నుంచి నాకు ఆయన పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. వాసన తెలియడానికి ఒక్క శ్వాస చాలు. ఆయన అంతకంటే ఎక్కువసేపే ఉన్నాడు. అక్కడ పడుకుంటే కనిపించేవి హమాం నోరు, పైన వాలిన గొట్టం, పగిలిన ట్యూబు, తన చేతులతో పేర్చిన ఇసుక సంచులు.

"లెవ్వయ్యా, తల తిరుగుతది" అన్నాను.

లేచి మిగిలిన సంచులన్నీ కాలితో తన్ని తోసేశాడు. సిలిండరును భుజాన ఎత్తుకొచ్చి వాకిలి చివర పెట్టాడు. తర్వాత రెండు కట్టెలు తెచ్చి షెడ్డు గుమ్మానికి అడ్డంగా, గుణకారం గుర్తులా కట్టాడు. బాయిలో ప్రమాదమున్న చోటికి ఎవరూ పోకుండా అలా కడతారట. బాయిలో మనుషులను బయటికి పంపి కడతారు. ఇక్కడ మేము ముందే బయటికి వచ్చేశాము, చివరిదాకా లోపలున్నది సర్దారొక్కడే.

అదయ్యాక తొట్టి గట్టు మీద, తల్లికి అవతలి పక్కన కూర్చున్నాడు.

"పైనుండే గ్యాసు అంటుకుంటది. కిందుండేది దీపం ఆర్పుతది. బాయిల గీ రెండే" అన్నాడు, నాతో కాదు, తనలో తను. "కిందుండి అంటుకునేది గూడ ఉంటదని నాకు తెల్వదు."

"గా పిలగాడు చెప్పవొయ్యిండు" అన్నాను.

"చెప్పవొయ్యిండు" అన్నాడు. "అవ్వ గూడ చెప్పింది."

అత్తమ్మ ఆ మాట పట్టించుకోలేదు. తన కొంగుతో ఆయన చెంప మీది మసి తుడవబోయి, తడి కొంగుకు మసి ఇంకా అలుకుతుంటే మానేసి, "నీళ్ళు కాగలేదు గద బిడ్డా, ఎట్ల మరి?" అంది. ఆయన చెంబు తీసుకుని తొట్టిలోని చన్నీళ్ళే నెత్తిన పోసుకున్నాడు. పళ్ళు టకటకలాడుతుంటే ఇంకో చెంబు ముంచుకున్నాడు.

మర్నాడు ఆయనే పోయి జగదీశ్వర్‌ను వెంట తెచ్చాడు. గ్రానైటు గట్టును ఒక పక్క కోయించి సిలిండరు లోపల పెట్టించాడు. నా గట్టు అలా పోయింది. జగదీశ్వర్ చిన్న ట్యూబు బిగిస్తూ, "మన వంట గ్యాసు బరువు కాకా, కిందికే దిగుతది" అని మెల్లగా చెబితే, సదానందం పక్కన గొంతుకూర్చుని పరీక్షకు పోయేవాడిలా విన్నాడు. హమాం వాకిట్లో ఓ మూలకు పోయింది. ఇప్పుడు నేను వానలో గొడుగు పట్టుకుని అంటిస్తున్నాను. గీజరు సంగతి ఆలోచిస్తానన్నాడు. ఆలోచిస్తూనే ఉన్నాడు.

అత్తమ్మ చాప మాత్రం ఆ ముసురు రోజునే ముందు గదిలోకి వచ్చింది. ఆయనే తెచ్చి తన మంచం పక్కన పరిచాడు.

తర్వాత వారం ఆయనకు నైట్ షిఫ్టు పడింది. పొద్దున వచ్చి, తిని, దుప్పటి కప్పుకున్నాడు. అత్తమ్మకు దగ్గు తెర వచ్చింది. కొడుకు నిద్ర చెడుతుందని కొంగు నోట్లో కుక్కుకుని, ఊపిరి బిగబట్టి, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా చప్పుడు రానివ్వడం లేదు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆయన కళ్ళు తెరవకుండానే మంచం మీది నుంచి చెయ్యి కిందికి జార్చి, తడుముకుని, ఆమె నోటి మీది కొంగు తీసేశాడు.

"దగ్గవ్వా" అన్నాడు. "నీ దగ్గు ఇనవడకుంటె నాకు నిద్ర వడ్తలేదు."